ఎడమ పక్క సున్నా

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం ఏదీ తేల్చుకోలేకపోతున్నది. సముద్రం వైపు నుంచి సన్నటి జల్లు వచ్చి, పూసిన చెరకు మీద నాలుగు చినుకులు విదిలించి పోతుంది. అది పోయీ పోకముందే కొండ పక్క నుంచి ఎండ ఒక పాయ జారి, తడిసిన చెరకు పూత వెండిలా మెరుస్తుంది. మళ్లీ జల్లు. ఎంకన్న వాకిట్లో నిలబడి కాసేపు చూశాడు. పందిరి మీద ఇంకో వరస కొబ్బరాకు కప్పాలా, అక్కర్లేదా అన్నది ఆకాశమే చెప్పాలి. అది చెప్పలేదు. అతను కప్పాడు.

ఎంకన్న బండివాడు. కోత కాలమంతా ఎడ్లబండి మీద చెరకు మిల్లుకు తోలుతాడు. మాట తక్కువ మనిషి. ఎద్దులతో కూడా నాలుకతో చప్పుడు చేయడమే తప్ప మాట్లాడడని ఊళ్లో నవ్వుకుంటారు. కానీ కొన్నాళ్లుగా అతని తల నిండా ఒక సంఖ్య తిరుగుతోంది. బండి పక్కచెక్క మీద సుద్దముక్కతో రాస్తే ఈ చివర నుంచి ఆ చివరికి పట్టినంత పొడుగు సంఖ్య.

పెద్ద యుద్ధం ముగిసి చక్కెరకు మంచి ధర పలుకుతున్న రోజులవి. తాతలు ఓడెక్కి వచ్చి దిగిన ఆ దీవిలో, లాల్మతీ అనే ఊరికి కోసెడు దూరంలో, చెరకు తోటను ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊళ్లో తెలుగువాళ్లు ఏటా కోత నడుమ ఒక ఆదివారం రామభజనం పెట్టుకుంటారు. తక్కిన ఊళ్లలో రాత్రంతా చేస్తారు. ఇక్కడ సోమవారం చీకటితోనే మిల్లు కూత వేస్తుంది గనుక పొద్దు నడినెత్తికి వచ్చాక దీపం వెలిగించి, పొద్దు గుంకగానే ముగిస్తారు. నడుమ దీపస్తంభం. దాని చుట్టూ పదహారు మంది, కాలికి గజ్జె, చేతిలో తాళాలు. ఎవరి చోటు వాళ్లది. తండ్రి నిలబడ్డ చోట కొడుకు నిలబడతాడు. వలయం తిరుగుతూ ఉంటుంది. తూర్పు ముఖాన దీపం ఎదుటికి ఎవరు వస్తే ఆ అడుగులో పాట వారిది. వారు ఒక మాట ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. అంతలో పక్కవాడు అక్కడికి వస్తాడు, తర్వాతి మాట అతనిది. కట్టుకాలువ నుంచి ఇంటిదాకా నీళ్లబిందె చేతుల మీదుగా అందించుకున్నట్టు, పాట ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు పోతుంది.

పోయినేడు ఆ బిందె కింద పడింది.

అప్పలస్వామి చేతిలో పడింది. ఆయన ఎంకన్న అప్ప చెల్లమ్మకు మొగుడు. వలయంలో సగం మందికి పాట నేర్పింది ఆయనే. మిల్లులో చక్కెర తెల్లబరచడానికి గంధకం పొగబెట్టే చోట చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ పొగ గొంతులో దూరింది. ముందు బొంగురు చేసింది, ఆనక ఊపిరి చప్పుడు తప్ప ఏమీ మిగల్చలేదు. పోయినేడు తన వంతు రాగానే ఆయన నోరు తెరిచాడు. గాలి వచ్చింది. ఇటుపక్కవాడు జాలిపడి ఒక మాట ఎత్తుకున్నాడు, అటుపక్కవాడు ఇంకో మాట ఎత్తుకుని సగంలో మింగాడు, తాళం తప్పింది, ఒకరి కాలు ఒకరు తొక్కారు. వినడానికి వచ్చిన లాల్మతీ భజనగుంపు పైపంచెలు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టు తిరిగి ఆయన వంతు వచ్చిన ప్రతిసారీ అదే తంతు.

ఈ ఏడు కన్నయ్య ముందుగానే తేల్చేశాడు. కన్నయ్యది ఊళ్లో పెద్ద గొంతు. వాకిట్లో పిలిస్తే తోటలో కోతవాళ్లు తలెత్తి చూస్తారు. వలయంలో అప్పలస్వామికి సరిగ్గా ఎదురుగా, దీపానికి అవతల అతని చోటు. అప్పలస్వామి వంతు వచ్చినప్పుడల్లా, ఆయన వీపు వెనక నవ్విన ముఖాలన్నీ అందరికన్నా బాగా కనిపించింది అతనికే.

"గొంతు నేనోడికి సోటెందుకు? దగ్గరగా జరిగి పదిహేను మందిమి తిరుగుదాం. ఎడం పక్క సున్నా తీసేత్తే లెక్క తగ్గిపోద్దా ఏటి?" అన్నాడు.

ఆ మాట రామయ్య పంతులుది. సాయంత్రాలు పెద్దవాళ్లకు అక్షరాలూ లెక్కలూ చెప్పడానికి వచ్చే మనిషి ఆయన. పట్నంలో, రోజ్ హిల్‌లో చదువుకున్నాడు. సున్నా పాఠం చెబుతూ, "కుడి పక్క పెడితే పదింతలు చేస్తుంది. ఎడమ పక్క పెడితే విలువ లేదు, తీసేయండి" అన్నాడు. అందరూ నేర్చుకున్నారు. కన్నయ్య దాన్ని పేరుగా మార్చి అప్పలస్వామికి తగిలించాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో పేరు అతుక్కుపోయింది.

చెల్లమ్మ జల్లులోనే వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, చేతిలో పసుపుగుడ్డ మూటతో. మూటను తమ్ముడి చేతిలో పెట్టింది. విప్పకుండానే బరువును బట్టి ఎంకన్నకు తెలిసిపోయింది. అవి బావ తాళాలు.

"ఇయ్యేటప్పా?"

"ఇచ్చెయ్యమన్నాడు. అన్నాడంటే అన్నేదు, సెయ్యూపేడు. ఎవులికి కావాలో ఆళ్లకియ్యి."

"బావ రాడా?"

"ఎలగొత్తాడ్రా? పదిహేను మందికి గుర్తులెట్టేసినారంట గదా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అది వాన తడో కాదో అతను చూడలేదు. "పొద్దున్నే లెగిసి ఈ తాళాలు బూడిదెట్టి తోమేడు. తళతళలాడించేడు. అప్పుడు మూటగట్టి నా ఒళ్లో పడేసేడు. ఇచ్చెయ్యడానికైతే తోమడమెందుకు, సెప్పు?"

ఎంకన్న మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నీ పందిరి. నీ వాకిలి. ఆ కన్నయ్యతో ఒక్క మాట అనలేవా తమ్ముడూ?"

"అంటాను."

"ఎప్పుడు? దీపం ఎలిగించినాకా? కొండెక్కినాకా?"

"అంటానప్పా."

ఆమె వంటగదిలోకి పోయింది. ఎంకన్న మూటను పందిరి గుంజకు కట్టి, బండి దగ్గరికి నడిచాడు. ఏం అనాలో తెలియనప్పుడు అతను బండి దగ్గరికే పోతాడు. చెక్క మీద సంఖ్య రాత్రి తడికి కాస్త వెలిసినా చెదరలేదు.

ఆ సంఖ్య వాళ్ల భజనంలోంచే పుట్టింది. పాట ముగిశాక చలిమిడి ముద్ద ఒక్కటి పంచుతారు. పదహారు మందికీ, దీపానికీ కలిపి పదిహేడు పాళ్లు. ఒక సాయంత్రం రామయ్య పంతులు దాన్నే లెక్కగా ఇచ్చాడు. "ఒకటిని పదిహేడు భాగాలు చేయండి. పోదు, సున్నా దించండి. పదిలోనూ పోదు, ఇంకో సున్నా దించండి. ఇప్పుడు నూరు. కానివ్వండి." కాసేపటికి అందరూ విసిగి పలకలు పక్కన పెట్టారు. "ఇది తెగే లెక్క కాదులెండి" అని పంతులూ నవ్వాడు. ఎంకన్న ఆ లెక్కను ఇంటికి తీసుకుపోయాడు.

మిల్లు గేటు దగ్గర బండ్ల వరసలో చాలాసేపు నిలబడాల్సి వస్తుంది. ఆ ఖాళీలో చెక్క మీద చేసుకుంటూ పోయాడు. నూరులో పదిహేడు అయిదుసార్లు, శేషం పదిహేను. నూటయాభైలో ఎనిమిదిసార్లు, శేషం పద్నాలుగు. దారిలో ఎదురైన బండినల్లా గుర్తుపెట్టుకునే అలవాటు అతనిది. అలాగే ఎదురైన శేషాన్నల్లా చెక్క మూల విడిగా రాసుకున్నాడు. మొదట పది, ఆ వెనక పదిహేను వచ్చింది, పద్నాలుగు వచ్చింది, తర్వాత నాలుగు, ఆరు, తొమ్మిది. చూడగా చూడగా ఒక సంగతి కనిపించింది. ఒకసారి వచ్చిన శేషం రెండోసారి రావడం లేదు. ఒకటి నుంచి పదహారు దాకా ఉన్నవాళ్లందరూ, ఒకరినొకరు తోసుకోకుండా, ఒక్కరూ తప్పిపోకుండా, తలా ఒకసారి వచ్చి వెళుతున్నారు. అందరూ అయ్యాక చిట్టచివర ఒకటి మిగిలింది. ఒకటితోనే కదా మొదలుపెట్టింది! ఇక మళ్లీ మొదటికే.

ఎంకన్న సుద్దముక్క దించాడు. ఇది తెగని లెక్క కాదు, తిరిగే లెక్క. వాళ్ల వలయం లాగే. దీన్ని ఎవరూ తిప్పడం లేదు, దానంతట అదే తిరుగుతోంది. వాళ్ల తాతలు ఓడ ఎక్కకముందు నుంచీ, ఈ దీవిలో చెరకు లేకముందు నుంచీ తిరుగుతూనే ఉంది. వెనక బండివాడు బూతు తిట్టేదాకా ఎద్దులను కదిలించాలన్న ధ్యాసే లేదు.

588235294117647.

ఒక్కటి మాత్రం కంట్లో నలుసులా ఉండిపోయింది. శేషాలు పదహారు. అంకెలు లెక్కపెడితే పదిహేనే. ఎక్కడో ఒకటి జారింది. ఎన్నిసార్లు సరిచూసినా అవే పదిహేను వచ్చేవి.

కాస్త పొద్దెక్కాక జల్లు తగ్గింది. అడుగులు సరిచూసుకోవడానికి వలయంలోవాళ్లు ఒక్కరొక్కరే వాకిట్లోకి చేరారు. కన్నయ్య ముందురోజే సున్నంతో పదిహేను గుర్తులు పెట్టి పోయాడు. అప్పలస్వామి చోటు తీసేసి, అటూ ఇటూ దగ్గరగా జరిపాడు. రామయ్య పంతులు కూడా గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. వస్తూనే బండిచెక్క చూసి ఆగిపోయాడు.

"ఎంకన్నా, ఇదేమిటి?"

"తమరిచ్చిన లెక్కే. ముద్ద పంచేది."

"చివరిదాకా చేశావా!"

"సివర నేదు బాబూ. తిరుగుతాది."

పంతులు గొడుగు కింద పారేసి, శేషాల వరస మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. చివరి ఒకటి దగ్గర వేలు ఆగింది. ఆయన ముఖం పండగనాటి పిల్లవాడి ముఖంలా అయిపోయింది. అందరినీ కేకేశాడు.

"ఇలా రండయ్యా! ఏడుతో ఇలాంటిదొకటి ఉందని మా మాస్టారు చూపించారు. ఒకటిని ఏడు భాగాలు చేస్తే 142857 వస్తుంది. దాన్ని రెట్టింపు చేయండి, 285714. మూడింతలు చేయండి, 428571. అవే ఆరు అంకెలు, అదే వరస. ముందు నిలబడేవాడు మారతాడంతే, పక్కవాడు మారడు. పదిహేడుకు కూడా ఇలా ఉంటుందని నేను అనుకోలేదు."

"ఎన్నంకెలు పంతులుగారూ?" అన్నాడు కన్నయ్య.

పంతులు లెక్కపెట్టాడు. "పదిహేను."

"సూసినారా!" కన్నయ్య తొడ చరిచాడు. "ఎంకన్న ఆళ్ల బావ తరపోడు గదా. ఆడి సంఖ్య కూడా పదిహేనే అంతన్నాది. ఇంకేటి గొడవ? అయిపోనాది, ఫినీ!"

నలుగురు నవ్వారు. ఇన్నాళ్లూ ఎంకన్న ఒంటరిగా ముద్దుచేసుకున్న సంఖ్య నలుగురిలోకి వచ్చి, పోయి కన్నయ్య పక్కన నిలబడింది. వంటగది గుమ్మంలో చెల్లమ్మ గరిటె పట్టుకుని చూస్తోంది. ఎంకన్న ఆమె వైపు చూడలేకపోయాడు. "తిప్పి సూడండి బాబూ. తిరిగితేనే గదా తెలిసేది" అన్నాడు. అంత మాట నలుగురిలో అతను ఎప్పుడు అన్నాడో ఎవరికీ గుర్తు లేదు.

పంతులుకు ఆ మాట నచ్చింది. మనుషుల్నే నిలబెట్టి తిప్పుదామన్నాడు. చెల్లమ్మను అడిగి బియ్యప్పిండి తెప్పించి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో అంకె వేశాడు. ఎంకన్న చోటు నుంచే మొదలుపెట్టాడు, ఇల్లు అతనిది కనుక. వలయంలో అతని చోటు అప్పలస్వామి చోటు తర్వాతది. ఎంకన్నకు అయిదు వచ్చింది. పక్కన వరసగా ఎనిమిది, ఎనిమిది, రెండు. అలా దీపం చుట్టూ పోయి, అవతలి పక్క కన్నయ్య కాళ్ల దగ్గర తొమ్మిది వేశాడు.

"తొమ్మిదే! ఇంతకన్నా పెద్దంకె ఉందా పంతులుగారూ?"

"లేదయ్యా, అదే పెద్దది."

"ఆఁ, మరి!" కన్నయ్య పంచె సర్దుకుని తొమ్మిది మీద ఒత్తి నిలబడ్డాడు.

వలయం తిరిగి వచ్చి, చివరి ఏడు నారాయణస్వామికి పడింది. అతని పక్కన మళ్లీ ఎంకన్న.

పంతులు బండిచెక్క దగ్గరికి పోయి, సంఖ్య కింద గీత గీసి కుడి నుంచి రెట్టింపు చేయడం మొదలుపెట్టాడు. అందరూ కలిసి గట్టిగా చదివారు. "ఏడు రెళ్లు పద్నాలుగు. నాలుగేసి, సేతిలో ఒకటి. నాలుగు రెళ్లు ఎనిమిది, సేతిలో ఒకటి, తొమ్మిది." భజనకు అలవాటైన గొంతులు కదా, కాసేపటికి ఎక్కాలు కూడా తాళంలో పడ్డాయి. "అయిదు రెళ్లు పది. సున్నా ఏసి, సేతిలో ఒకటి." పంతులు సున్నా వేసి ముందుకు పోయాడు. చివరికి వచ్చేసరికి ఒకటి వేసి, పక్కన ఇంకో ఒకటి వేయాల్సి వచ్చింది.

ఎంకన్న తన చోటు నుంచే కళ్లు చికిలించి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పదహారు ఉన్నాయి.

"ఇప్పుడు నేను ఎడమ నుంచి చదువుతాను. ఎవరి అంకె వస్తే వాళ్లు ఒక అడుగు ముందుకు వేయండి. వరస తప్పితే లెక్క తిరగనట్టు," అన్నాడు పంతులు. "ఒకటి."

వలయంలో ఇద్దరు ఒకట్లు పక్కపక్కన ఉన్నారు. మొదటివాడు అడుగు వేశాడు. "ఒకటి." రెండోవాడు వేశాడు. "ఏడు." ఆ పక్కవాడే ఏడు. అక్కడక్కడా "ఓయ్" అని వినిపించింది. "ఆరు." ఆ పక్కవాడే. "నాలుగు." ఆ పక్కవాడే. "ఏడు." నారాయణస్వామి నవ్వు ఆపుకోలేక గెంతాడు. ఇక వచ్చేది తన వంతే. ఎంకన్న కాలు ఎత్తాడు.

"సున్నా," అన్నాడు పంతులు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది.

ఎవరూ కదలలేదు. పంతులు చెక్క వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు. నారాయణస్వామి ఏడుకూ, ఎంకన్న అయిదుకూ మధ్య నేల ఖాళీగా ఉంది. చూరు నుంచి బొట్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"సున్నా ఎవుడ్రా?" అని కేకేశాడు కన్నయ్య, దీపం అవతల నుంచి. తన తొమ్మిది ఎప్పుడు పిలుస్తారా అని ఆత్రంగా ఉన్నాడు. "సున్నా! ఎవుడ్రా, తొరగా రా!"

వాకిలికి అడ్డంగా నల్లరాళ్లు పేర్చిన గోడ ఉంది. పొలం చదును చేసినప్పుడు తీసిన రాళ్లు. ఆ గోడ మీద, సందు వైపు కాళ్లు వేలాడేసి, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. దీపస్తంభం తూర్పుకు తిప్పి పెట్టారో లేదో చూసి పోదామని వచ్చి ఉంటాడు. ఏటా చూసేది ఆయనే. కన్నయ్య కేక వినగానే ఆయన తల తిప్పాడు. ఆ పేరు ఎవరిదో ఊరందరి కన్నా ఆయనకే బాగా తెలుసు.

అప్పలస్వామి గోడ దిగాడు. పంచెకు అంటిన నాచు దులుపుకున్నాడు. తొందరపడకుండా వాకిలి దాటి వచ్చి, నారాయణస్వామికీ ఎంకన్నకూ నడుమ నిలబడ్డాడు. చోటు ఇరుకైంది. నారాయణస్వామి అటు జరిగాడు, అతని పక్కవాడూ జరిగాడు. జరుగుడు వలయమంతా పాకి కన్నయ్య దాకా పోయింది. కన్నయ్య తన కాళ్ల కిందికి చూసుకున్నాడు. తాను పెట్టిన సున్నపు గుర్తును మడమతో చెరిపి, అర అడుగు పక్కకు జరిగి, మళ్లీ నిలబడ్డాడు.

ఎంకన్న ఏదో అనాలని నోరు తెరిచాడు. అప్పకు మాట ఇచ్చాడు కదా. కానీ అనడానికి ఏమీ మిగల్లేదు. వలయం వదిలి పోయి, గుంజకు కట్టిన పసుపు మూట విప్పి తెచ్చి, తాళాలు బావ చేతుల్లో పెట్టి, తన చోటుకు వచ్చాడు.

"అయిదు," అన్నాడు పంతులు.

ఎంకన్న అడుగు వేశాడు. ఎనిమిది, ఎనిమిది, రెండు, మూడు, అయిదు, రెండు. ఒక్కరూ తప్పలేదు. "తొమ్మిది," అనగానే కన్నయ్య నేల అదిరేలా కాలు వేశాడు. నాలుగుతో వలయం పూర్తయింది. అందరూ ఒక్కసారి గట్టిగా అరిచారు. ఎందుకు అరిచారో అడిగితే చెప్పలేరు. పదహారు మందీ ఒక్కొక్క అడుగు వేశారు, అంతే జరిగింది. కానీ తమని ఎరగని ఒక సంఖ్య తమని వరసగా పేరుపెట్టి పిలిచినట్టు ఉంది వాళ్లకు.

"మొదట్లోనే సున్నా ఉండింది, మీరూ నేనూ రాయలేదు," అన్నాడు పంతులు, చెక్క మీది పాత సంఖ్యకు ఎడమ పక్కన సున్నా చుడుతూ. "పదిలో పోనప్పుడు సున్నా వేసి ముందుకు పోవాలి. విలువ లేదని నేనే వేయించలేదు. ఆ పాఠం రేపు ఇంకోలా చెబుతాను."

మూడింతలు చేసి చూశారు, నాలుగింతలు చేసి చూశారు. ప్రతిసారీ ఇంకొకడు ముందు నిలబడ్డాడు, ప్రతిసారీ వలయం అదే. పిల్లల్ని చంకనెత్తుకుని ఆడవాళ్లు కూడా వచ్చి చూశారు. అప్పుడు ఎంకన్న మెల్లగా, "ఎదురెదురోళ్లని కలపండి బాబూ" అన్నాడు. దీపం మీదుగా చూస్తూ అతను అప్పటికే కలుపుకున్నాడు. తన అయిదుకు అవతల నాలుగు. ఎనిమిదికి అవతల ఒకటి. రెండుకు ఏడు. మూడుకు ఆరు. ప్రతి జంటా తొమ్మిదే.

"మరి నాకో?" అన్నాడు కన్నయ్య.

అందరూ అతని ఎదుటికి చూశారు. దీపానికి అవతల, తోమిన తాళాలు పట్టుకుని, అప్పలస్వామి నిలబడి ఉన్నాడు. తొమ్మిదీ సున్నా.

కన్నయ్య మీసం మీద చేయి వేసుకున్నాడు. "పదిహేడింతలు సేత్తే ఏటవుద్ది?" అన్నాడు చివరికి.

పంతులు గుణించాడు. చాలాసేపు పట్టింది. గుణించినంత మేరా తొమ్మిదులే వచ్చాయి, పదహారు తొమ్మిదులు.

"అందరూ తొమ్మిదులేనా?" కన్నయ్య ముఖం పడిపోయింది. "అలగైతే నా గొప్పేటి మరి?"

అప్పలస్వామి భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడని అందరికన్నా ముందు చెల్లమ్మ కనిపెట్టింది.

"సరే, లెక్క బాగుంది. నానేం కాదన్ను," అన్నాడు కన్నయ్య, ఈసారి కాస్త తగ్గిన గొంతుతో. "పాట సంగతేటి? అప్పలసామి మావ వంతు కాడ మళ్లీ కంత పడుద్ది. లాల్మతీవోళ్లు మళ్లీ నవ్వుతారు. ఆ నవ్వు సూసేది నాను గదా."

అది నిజం. అప్పలస్వామి తాళాలు కిందికి దించాడు.

"కంత కాదు," అన్నాడు ఎంకన్న. మాటలు వెతుక్కుంటూ, రాళ్ల దారిలో బండి తోలినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఇందాక పంతులుగారు సున్నా అని సదివేరు. అక్కడ ఇంకో అంకె ఏసేస్తే సంఖ్య పాడైపోద్ది. పోయినేడు మనం అదే సేసినాం. నారాయణసామి ఒకటేసేడు, నానొకటేసేను. ఈసారి ఎవులూ ఏటీ ఎయ్యొద్దు. బావ దీపం ఎదరకొచ్చినప్పుడు అందరం నోరు మూసుకుని ఒక్క అడుగెయ్యాల. పాటలో అది బావ మాట. అంతే."

అతను పైపంచెతో నుదుటి చెమట తుడుచుకున్నాడు. చెప్పింది సరిగా ఉందో లేదో అని బావ వైపు చూశాడు. అప్పలస్వామి చూపుడు వేలితో గాలిలో తాళం వేసి చూపించాడు, పాట నేర్పే రోజుల్లో వేసినట్టే. ఇదిగో ఇక్కడ ఆగండి, ఇదిగో ఇక్కడ మళ్లీ ఎత్తుకోండి. పదిహేను మందీ ఆ వేలినే చూశారు.

మధ్యాహ్నం దీపం వెలిగించారు. లాల్మతీ గుంపు వచ్చి గోడ పొడుగునా కూర్చుంది. ముందుగానే పైపంచెలు సర్దుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మద్దెల మోగింది. వలయం కదిలింది. పాట నారాయణస్వామి దాకా వచ్చింది, అతను తన మాట పలికి పక్కకు జరిగాడు. అప్పలస్వామి తూర్పు ముఖానికి వచ్చి దీపం ఎదుట నిలబడ్డాడు.

పాట ఆగింది. మద్దెల ఆగింది. తాళాలు ఆగాయి. పదహారు కాళ్లు ఒక్కసారి లేచి ఒక్కసారి నేలకు తాకాయి, గజ్జెలన్నీ కలిసి ఒక్క గజ్జె మోగినట్టు మోగింది. ఆ వెంటనే ఎంకన్న ఎత్తుకున్నాడు. ఆగిన చోటు నుంచి పాట కొత్త నీళ్లతో వచ్చినట్టు వచ్చింది.

చుట్టు తిరిగి ఆ చోటు మళ్లీ వచ్చేసరికి గోడ మీదివాళ్లు ఊపిరి బిగబట్టారు. మూడోసారికి దానికోసం ఎదురుచూశారు. పొద్దు వాలేసరికి పిల్లలు కూడా ఆ అడుగు దగ్గర వాళ్లంతట వాళ్లే నోళ్లు మూసుకున్నారు. కన్నయ్య ప్రతి చుట్టులోనూ ఆ సమయానికి దీపం మీదుగా ఎదుటి మనిషినే చూశాడు. వెనక ముఖాల వైపు చూడలేదు.

దీపం చల్లబడ్డాక లాల్మతీ పెద్ద సీతారాం వచ్చి కన్నయ్య చేయి పట్టుకున్నాడు. "అంత మంది ఒక్కసారి ఆగడం నాను ఏడా సూళ్లేదు. ఎవులు నేర్పేరు మీకు?"

ఇంకో రోజైతే కన్నయ్య పొద్దుపోయేదాకా చెప్పేవాడే. ఈసారి గడ్డంతో అప్పలస్వామి వైపు చూపించాడు. ఒక్క క్షణం ఆగి, బండిచెక్క వైపు కూడా చూపించాడు. సీతారాంకి రెండోది అర్థం కాలేదు.

చెల్లమ్మ చలిమిడి ముద్దను పదిహేడు పాళ్లు చేసింది. ఒకటి దీపం దగ్గర పెట్టింది.

పందిట్లో అరిటాకులు వేశారు. రెండు వరసలు, ఎదురెదురుగా. అన్నం, కందిపప్పు, మునగాకు కూర, గుమ్మడికాయ పులుసు. బయట మళ్లీ సన్నటి జల్లు మొదలైంది, పొద్దున కప్పిన కొబ్బరాకు మీద చినుకుల చప్పుడు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు. ఎంకన్నకు ఎదురుగా సీతారాం, అప్పలస్వామికి ఎదురుగా కన్నయ్య.

అప్పలస్వామి గొంతు మింగనీయదు. చిన్న చిన్న ముద్దలు చేసుకుని, ఒక్కొక్కటీ దిగేదాకా ఆగి, ఇంకొకటి తీసుకుంటాడు. తక్కినవాళ్లు ఒక్కొక్కరే తినడం ముగించి, బంతిలో ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా లేవకూడదు కనుక, ఎంగిలి చేయి ఆకు మీద పెట్టుకుని కూర్చున్నారు. కన్నయ్య ఆకు ఎప్పుడో ఖాళీ అయింది. అతను ఎదుటి ఆకు వైపు చూశాడు. అందులో ఇంకా సగం అన్నం ఉంది.

కన్నయ్య వడ్డించేవాళ్లకు సైగ చేసి మళ్లీ అన్నం వేయించుకున్నాడు. కొంచెం పులుసు పోయించుకున్నాడు. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, అది దిగేదాకా ఆగి, ఇంకో చిన్న ముద్ద చేశాడు.